తలకు దెబ్బ తగిలినవారికి రక్తపరీక్ష: విశాఖ ప్రాంత వైద్యాధికారులకు బహిరంగ లేఖ

విశాఖపట్నం, అనకాపల్లి, అల్లూరి సీతారామరాజు జిల్లాల్లో అత్యవసర వైద్యానికి బాధ్యులైన అధికారులకు, ఆసుపత్రుల సూపరింటెండెంట్లకు, ఆరోగ్య పథకాల నిర్వాహకులకు,

నమస్కారం.

తలకు దెబ్బ తగిలి వచ్చేవారికి సీటీ స్కాన్ అవసరమో కాదో తేల్చే రక్తపరీక్షను మన ప్రాంతంలో ప్రయోగాత్మకంగా మొదలుపెట్టమని కోరుతూ ఇచ్చిన వినతిపత్రానికి జవాబు రాలేదు. గుర్తుచేస్తూ ఇచ్చిన రెండో కాగితానికీ అంతే. అందుకే ఈసారి అందరూ చదివేలా రాస్తున్నాం. మీ మీదున్న పని ఒత్తిడి మాకు తెలియనిది కాదు. కానీ ఈ ఆలస్యానికి మూల్యం చెల్లిస్తున్నది కొండమీద కూలీలు, ఫ్యాక్టరీల్లో కాంట్రాక్టు పనివాళ్లు, రాత్రిపూట బైకుల మీద ఇళ్లకు వెళ్లేవాళ్లు.

ఇప్పుడు జరుగుతున్నది ఇదీ. ఘాట్ రోడ్డులో బైకు జారి ఒకతను పడతాడు. కాసేపు స్పృహ తప్పుతుంది, లేస్తాడు, మాట్లాడతాడు. స్పృహ ఎంత ఉందో 3 నుంచి 15 దాకా అంకెలో చెప్పే గ్లాస్గో స్కోరు 15, అంటే పూర్తి స్పృహ. దగ్గర్లోని ఆసుపత్రిలో కుట్లు వేసి, టీటీ సూది చేసి, చీటీ మీద ‘హెడ్ ఇంజురీ, సీటీ కోసం రిఫర్’ అని రాస్తారు. డాక్టరును తప్పుపట్టలేం. లోపల రక్తం కారుతోందో లేదో తెలుసుకునే సాధనం ఆయన దగ్గర లేదు. అక్కడి నుంచి మనిషి డోలీలోనో జీపులోనో రోడ్డు దాకా వచ్చి, 108 ఎక్కి, వంద కిలోమీటర్లకు పైగా కొండ దిగి విశాఖ చేరాలి. వెంట ఇద్దరు ముగ్గురు. స్కాన్ అయ్యేసరికి అర్ధరాత్రి. ‘ఏమీ లేదు’ అంటారు. తెల్లారి బస్సు చార్జీలకు అప్పు. ఇది ఒక వైపు. రెండో వైపు ఇంతకన్నా ఘోరం: అంత దూరం పోలేక, మనిషి బాగానే ఉన్నాడు కదా అని ఇంటికి తీసుకెళ్తారు. మూడో రోజు మాట తడబడుతుంది. అప్పుడు తెచ్చినా పుర్రెలో గడ్డకట్టిన రక్తం మెదడును నొక్కేసి ఉంటుంది.

అనవసరంగా పంపడం, అవసరమైనవారు రాకపోవడం: ఈ రెండు నష్టాలనూ కొంతవరకు తగ్గించే పరీక్ష ఇప్పుడు ఉంది. ‘కొంతవరకు’ అన్న మాట కావాలనే రాశాం. ఎంతవరకో అంకెలతో చెబుతాం.

మెదడులో నాడీకణాలను ఆనుకుని ఉండే ఆస్ట్రోసైట్లలో జీఎఫ్‌ఏపీ అనే ప్రొటీన్ ఉంటుంది. నాడీకణాల లోపల యూసీహెచ్-ఎల్1 అనే ఎంజైమ్ ఉంటుంది. దెబ్బకు కణాలు చితికి, రక్తానికీ మెదడుకూ మధ్యనున్న అడ్డుగోడ సడలినప్పుడు ఇవి రక్తంలోకి వస్తాయి. లెక్క పికోగ్రాముల్లో, అంటే గ్రాములో లక్ష కోట్లవ వంతుల్లో. యూసీహెచ్-ఎల్1 త్వరగా పెరిగి, సుమారు 8 గంటలకు గరిష్ఠానికి చేరి తగ్గిపోతుంది. జీఎఫ్‌ఏపీ గంటలోపే కనిపించి, సుమారు 20 గంటల దాకా పెరుగుతూ పోయి, రోజుల తరబడి నిలుస్తుంది. ఒకటి తొందరగా వస్తుంది, మరొకటి నిలకడగా ఉంటుంది. రెండింటినీ కలిపి చూడడానికి కారణం అదే.

ఈ జంట పరీక్షకు అమెరికా ఔషధ, వైద్య పరికరాల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ మొదటిసారి 2018 ఫిబ్రవరిలో అనుమతి ఇచ్చింది. అది ల్యాబులో గంటల పని. 2021 జనవరిలో చేతిలో పట్టే యంత్రం మీద 15 నిమిషాల్లో చేసే పరీక్షకు అనుమతి వచ్చింది. కానీ రక్తాన్ని సెంట్రిఫ్యూజ్ యంత్రంలో వేగంగా తిప్పి ప్లాస్మా (కణాలు లేని ద్రవభాగం) వేరుచేయాల్సి వచ్చేది. 2024 ఏప్రిల్‌లో అబాట్ కంపెనీ ఐ-స్టాట్ యంత్రం మీద, ప్లాస్మా తీయకుండా నేరుగా రక్తంతోనే చేసే పరీక్షకు అనుమతి దొరికింది. దెబ్బ తగిలిన 24 గంటల లోపు, 18 ఏళ్లు దాటినవారికి, గ్లాస్గో స్కోరు 13 నుంచి 15 మధ్య ఉంటే చేయవచ్చు. సెంట్రిఫ్యూజ్ అవసరం తప్పడంతో చిన్న ఆసుపత్రులకు దారి తెరుచుకుంది. మా మొదటి వినతికి ఆధారం కూడా అదే.

ఇక కచ్చితత్వం. తొలి అనుమతికి ఆధారమైన అధ్యయనంలో 1959 మందిని పరీక్షించారు. వారిలో సీటీలో గాయం కనిపించినవారు 125 మంది. అంటే ప్రతి 100 మందిలో 94 మందికి స్కాన్‌లో ఏమీ లేదు. రక్తపరీక్ష 671 మందికి నెగెటివ్ వచ్చింది. ఆ 671 మందిలో సీటీలో గాయం ఉండి పరీక్ష పట్టుకోలేకపోయినవారు 3 మాత్రమే. శస్త్రచికిత్స అవసరమయ్యే గాయాలున్న 8 మందిలో ఒక్కరినీ అది వదల్లేదు. మరోవైపు 1288 మందికి పాజిటివ్ వచ్చింది. వారిలో సీటీలో గాయం కనిపించింది 122 మందికే.

ఈ పరీక్ష ‘లేదు’ అంటే నమ్మవచ్చు. ‘ఉంది’ అంటే అది సీటీకి పంపమన్న సూచనే, గాయం ఉందన్న తీర్పు కాదు. దీనివల్ల తగ్గేది మూడింట ఒక వంతు ప్రయాణాలు, స్కాన్లు. మిగతా రెండు వంతుల మంది సీటీకి వెళ్లాల్సిందే. ఇంతకన్నా ఎక్కువ ఆశ చూపించి ఎవరైనా ఈ కిట్లు అమ్మజూపితే మీరు నమ్మకండి. కొండమీద ప్రతి ముగ్గురిలో ఒకరికి ఆ రాత్రి ప్రయాణం తప్పడం మాత్రం మాకు చిన్న సంగతిగా అనిపించడం లేదు.

మా డిమాండ్లు, వాటికి కారణాలు:

1. మొదట విశాఖలో సరిచూడాలి, తర్వాతే కొండకు పంపాలి. పై అంకెలు వేరే దేశాల మనుషులవి. మన దగ్గర పనికొస్తుందని తేలాలంటే, సీటీ ఉన్న పెద్ద ఆసుపత్రిలో, స్కాన్ ఎలాగూ చేయబోతున్న రోగులకే రక్తపరీక్ష కూడా చేసి రెండింటినీ పోల్చాలి. నెగెటివ్ వచ్చినవారు 300 మంది ఉండి, వారిలో ఒక్కరికీ స్కాన్‌లో గాయం కనిపించకపోతే, తప్పిపోయేవారు నూటికి ఒకరికి మించరని 95 శాతం భరోసాతో చెప్పవచ్చు. నెగెటివ్ మూడింట ఒకరికే వస్తుంది కాబట్టి సుమారు 900 మందిని పరీక్షించాలి. ఉత్తరాంధ్ర అంతటికీ పెద్ద దిక్కైన కేజీహెచ్, విమ్స్ లాంటి చోట్లకు వచ్చే కేసులతో ఇది అయ్యే పనే.

ఇందులో తప్పక చూడాల్సిన ఒక ప్రశ్న ఉంది. యూసీహెచ్-ఎల్1 ఎర్ర రక్తకణాల్లో కూడా ఉంటుంది. కణాలు పగిలితే విలువ తప్పుగా పెరుగుతుంది. మన ఏజెన్సీలో, ఎర్ర రక్తకణాలు కొడవలిలా వంగి సులువుగా పగిలే సికిల్ సెల్ జబ్బు ఉన్న కుటుంబాలున్నాయి. వారిలో ఈ పరీక్ష ఎలా నడుస్తుందో విడిగా చూడకుండా ఏజెన్సీ మొత్తానికి పంపడం సరికాదు. వేరే దేశాల అంకెలు ఈ ప్రశ్నకు జవాబు చెప్పవు.

2. రెండో దశలో యంత్రాలను సీటీ లేని, రాత్రి కూడా డాక్టరు ఉండే ఆసుపత్రుల్లోనే పెట్టాలి. 108 వాహనాల్లో వద్దు. ‘అంబులెన్సులోనే పరీక్ష’ అన్న ప్రతిపాదన వినడానికి బాగుంటుంది గానీ, ఈ తరహా కార్ట్రిడ్జ్ (రక్తం నింపి యంత్రంలో పెట్టే, ఒక్కసారి వాడే చిన్న డబ్బా) నడుస్తున్నంతసేపు యంత్రం కదలకుండా సమంగా ఉండాలి. ఘాట్ రోడ్డు మలుపుల్లో అది కుదరదు. యంత్రం పనిచేసే గది ఉష్ణోగ్రత 16 నుంచి 30 డిగ్రీలు. మే నెలలో ఏసీ లేని క్యాజువాలిటీలో అది ఫలితం ఇవ్వకుండా ఎర్రర్ చూపిస్తుంది. కార్ట్రిడ్జ్‌లు 2 నుంచి 8 డిగ్రీల మధ్య ఉండాలి. కాబట్టి యంత్రంతో పాటు ఒక ఏసీ గది, టీకాల ఫ్రిజ్ లాంటి ఫ్రిజ్, రోజుకు రెండుసార్లు ఉష్ణోగ్రత రాసే పుస్తకం, కరెంటు పోతే నిలబెట్టే యూపీఎస్ ఇవ్వాలి. యంత్రం ఒక్కటే కొని పంపితే ఆరు నెలలకు బీరువాలో దుమ్ము పట్టిపోతుంది.

3. ఎవరికి చేయకూడదో ముందే రాసి గోడకు అంటించాలి. పరీక్ష కోసం సీటీని ఆపితే ప్రాణం పోయే రోగులున్నారు. కింది లక్షణాల్లో ఒక్కటి ఉన్నా రక్తం తీస్తూ కూర్చోకుండా వెంటనే పంపాలి: దెబ్బ తగిలిన 2 గంటల తర్వాత కూడా గ్లాస్గో స్కోరు 15కు రాకపోవడం, రెండు లేదా అంతకన్నా ఎక్కువ వాంతులు, మూర్ఛ, ఒక పక్క కాలు చెయ్యి బలహీనపడడం, పుర్రె లోపలికి నొక్కుకుపోయినట్టు అనిపించడం, చెవి నుంచి గానీ ముక్కు నుంచి గానీ నీరులాంటి ద్రవం కారడం, కళ్ల చుట్టూ నల్లగా కమలడం, చెవి వెనక కమిలిన మచ్చ, 65 ఏళ్లు దాటిన వయసు, వార్ఫరిన్ లాంటి రక్తం పలచబరిచే మందుల వాడకం. వీటిలో చాలావరకు ఎవరికి సీటీ తీయాలో లక్షణాలను బట్టి చెప్పే, 2001లో వచ్చిన కెనడా సీటీ నియమంలోనివే. దానికి పైసా ఖర్చు లేదు. అది అమలు కాని చోట రక్తపరీక్ష పెట్టడం పునాది లేకుండా మేడ కట్టడమే.

24 గంటల గడువును గట్టిగా పాటించాలి. చేపలవేటలో బోటు మీద తలకు దెబ్బ తగిలినవాళ్లు హార్బరుకు చేరేసరికి చాలాసార్లు ఒకటి రెండు రోజులు దాటిపోతుంది. వారికి ఈ పరీక్ష పనికిరాదు, నేరుగా సీటీయే. పిల్లలకూ చేయకూడదు.

తాగి ఉన్నవారి విషయం ప్రత్యేకంగా చెప్పాలి. మద్యం వాసన రాగానే ‘మత్తులో ఉన్నాడు, దిగితే లేస్తాడు’ అని మంచం మీద వదిలేయడం వల్ల మెదడు పైపొర కింద రక్తం చేరి ఏర్పడే ఎన్ని సబ్‌డ్యూరల్ గడ్డలు తెల్లవారే దాకా ఎవరి కంటా పడలేదో క్యాజువాలిటీలో పనిచేసే ప్రతి ఒక్కరికీ తెలుసు. తాగిన మనిషి స్కోరు 13 కన్నా తక్కువగా ఉంటే తలకు గాయం ఉన్నట్టే భావించి పంపాలి. 13 లేదా అంతకన్నా ఎక్కువ ఉండి, పై లక్షణాలేవీ లేకపోతే రక్తపరీక్ష చేసి, గంట గంటకూ స్కోరు రాయాలి.

4. రక్తం తీసే పద్ధతి నర్సులకు, ల్యాబ్ టెక్నీషియన్లకు చేతితో చేయించి నేర్పాలి. సిర నుంచి తీయాలి, వేలి మీద గుచ్చి కాదు. ఊదా మూత ఉన్న, రక్తం గడ్డకట్టనివ్వని ఈడీటీఏ ట్యూబులో తీసుకుని, మెల్లగా అటూ ఇటూ తలకిందులు చేసి కలపాలి. గట్టిగా ఊపకూడదు. సన్నని సూదితో బలవంతంగా లాగినా, సిరంజి నుంచి ట్యూబులోకి ఒత్తిడితో చిమ్మినా కణాలు పగులుతాయి. ప్లాస్మా తీసి చూస్తే ఎర్రరంగు కనబడి తప్పు తెలుస్తుంది. నేరుగా రక్తంతో చేసేటప్పుడు ఆ తప్పు కంటికి కనబడదు. కాబట్టి తీయడంలోనే జాగ్రత్తపడాలి. కార్ట్రిడ్జ్‌ను ఫ్రిజ్ నుంచి తీసి గది వేడికి వచ్చాక, గీత దాకా మాత్రమే నింపాలి. బుడగ ఉన్నా, ఎక్కువ పోసినా ఆ కార్ట్రిడ్జ్ వృథా.

ఫలితం చదవడంలోనూ ఒక మెలిక ఉంది. రెండు ప్రొటీన్లలో ఏ ఒక్కటి హద్దు దాటినా పాజిటివ్. రెండూ హద్దు లోపల ఉంటేనే నెగెటివ్. ఒకటి హద్దు లోపల ఉండి, రెండోదానికి యంత్రం ఫలితం ఇవ్వకపోతే అది నెగెటివ్ కాదు. కొత్త కార్ట్రిడ్జ్‌తో మళ్లీ చేయాలి. రాత్రి డ్యూటీలో ఒక్కరే ఉన్న టెక్నీషియన్ పొరబడేది ఇక్కడే. రిజిస్టరులో దీనికి విడిగా గడి పెట్టాలి.

5. నెగెటివ్ వచ్చినవారిని వెంటనే గేటు దాటించకూడదు. కొన్ని గంటలు అబ్జర్వేషన్‌లో ఉంచి, స్కోరు 15 మీద నిలబడితేనే పంపాలి. వెంట తెలుగు కార్డు ఇవ్వాలి. కువి, ఆదివాసీ ఒడియా మాట్లాడే ఇళ్లలో చదివేవారు ఉండకపోవచ్చు కనుక బొమ్మలతో ఇవ్వాలి, తోడు వచ్చినవారికి నోటితో చెప్పాలి. తలనొప్పి పెరుగుతుంటే, లేపినా లేవకపోతే, మళ్లీ వాంతులైతే, మాట తడబడితే, ఫిట్స్ వస్తే తిరిగి రావాలి. నొప్పికి పారాసిటమాల్ చాలు. ఊళ్లో డైక్లోఫెనాక్ సూది, నిద్రమాత్ర వద్దని కార్డు మీద పెద్దక్షరాల్లో ఉండాలి. ఆ సూది రక్తం గడ్డకట్టే శక్తిని తగ్గిస్తుంది. నిద్రమాత్ర వేస్తే మనిషి మగతలోకి జారుతున్నది గాయం వల్లో మందు వల్లో తెలియదు.

6. ఖర్చు రోగి మీద పడకూడదు. ఈ పరీక్షను రాష్ట్ర ప్రభుత్వ ఆరోగ్య పథకమైన డాక్టర్ ఎన్టీఆర్ వైద్య సేవ పరిధిలోకి తేవాలి. రోడ్డు ప్రమాద బాధితులకు 2025 మేలో కేంద్రం తెచ్చిన నగదు రహిత చికిత్స పథకంలో మొదటి 7 రోజులకు 1.5 లక్షల రూపాయల దాకా అవకాశం ఉంది. రక్తపరీక్షను, కొండ దిగి వచ్చే ప్రయాణాన్ని అందులో ఎలా చూపించాలో ఆసుపత్రులకు రాతపూర్వకంగా చెప్పాలి. తాటిచెట్టు మీద నుంచి పడినవారికి, నిర్మాణ పనిలో పరంజా మీద నుంచి జారినవారికి ఆ పథకం వర్తించదు. వాళ్లకు దారేదో కూడా అదే ఉత్తర్వులో ఉండాలి.

7. పెదగంట్యాడలో వైద్య పరికరాలు తయారుచేసే మెడ్‌టెక్ జోన్ ఉన్న ఊరు మనది. ఈ కార్ట్రిడ్జ్‌ల కోసం ఎప్పటికీ దిగుమతి మీదే ఆధారపడనక్కర్లేదు. 1వ అంశంలో చెప్పిన 900 మంది రక్త నమూనాల్లో కొంత భాగాన్ని, రోగుల అనుమతితో, నైతిక సంఘం ఆమోదంతో, అతిశీతలంలో భద్రపరిస్తే ఇక్కడ తయారుచేసే కిట్లను వాటితో పోల్చి చూడవచ్చు. స్కాన్ ఫలితం జతగా ఉన్న నమూనాలు లేకుండా ఏ తయారీదారూ ముందుకు కదలలేడు. అది ప్రభుత్వ ఆసుపత్రులు మాత్రమే సమకూర్చగలిగింది.

8. పరిహారం ఎగ్గొట్టడానికి ఈ పరీక్షను వాడకుండా ఇప్పుడే అడ్డుకట్ట వేయాలి. నెగెటివ్ అంటే సీటీలో కనిపించే గాయం ఉండే అవకాశం చాలా తక్కువ అని మాత్రమే. తల అదిరి వారాల తరబడి తలనొప్పి, మతిమరుపు, నిద్రలేమితో బాధపడేవారికి కూడా నెగెటివ్ రావచ్చు. ఫ్యాక్టరీలో పడిన కాంట్రాక్టు కార్మికుడికి ‘టెస్టు నెగెటివ్, రేపటి నుంచి డ్యూటీకి రా’ అని చెప్పడానికి గానీ, మోటారు ప్రమాద ట్రిబ్యునల్‌లో బీమా వకీలు చూపించడానికి గానీ ఈ కాగితం పనికిరాదని రిపోర్టు మీదే ముద్రించాలి.

దీనికి తిరగబడిన సమస్య కూడా ఉంది. సీటీ మామూలుగా ఉన్నా జీఎఫ్‌ఏపీ బాగా పెరిగినవారిలో ఎంఆర్ఐ తీస్తే గాయాలు కనబడడం ఎక్కువని 2019లో వెలువడిన అమెరికా అధ్యయనం తేల్చింది. పాజిటివ్ వచ్చి సీటీ బాగున్నవారిని ‘నీకేం లేదు’ అని పంపేయకుండా, రెండు వారాలకు మళ్లీ పిలిచి చూడాలి.

9. ఎస్100బీ అనే పాత పరీక్షను చౌకగా వస్తుందని దీని బదులు తేవద్దు. స్కాండినేవియా దేశాల్లో 2013 నుంచి మార్గదర్శకాల్లో ఉంది, అక్కడ ఉపయోగపడుతోంది. కానీ 6 గంటల లోపు తీయాలి. పాడేరు అవతలి ఊళ్ల నుంచి అంతలోపు వచ్చేవారెందరు? పైగా ఎముక విరిగినా, కొవ్వు నలిగినా పెరుగుతుంది. చర్మం రంగు ముదురుగా ఉన్నవారిలో దాని సాధారణ స్థాయే ఎక్కువ.

10. పైవాటికి సమయం పడుతుంది. దీనికి పట్టదు: రిఫరల్ చీటీ మీద దెబ్బ తగిలిన సమయం, పరీక్షించిన సమయం వేర్వేరుగా రాయాలని రేపే ఉత్తర్వు ఇవ్వండి. గ్లాస్గో స్కోరును ‘కాన్షియస్’ అనో, ఒట్టి ‘14’ అనో కాకుండా విడగొట్టి రాయించండి: కళ్లు 4, మాట 4, కదలిక 6 అని. మాటలో ఒకటి తగ్గిన 14 వేరు, కదలికలో ఒకటి తగ్గిన 14 వేరు. వాడే మందులు, ముఖ్యంగా స్టెంట్ వేయించుకున్నవారు మింగే ఆస్పిరిన్, క్లోపిడోగ్రెల్, తోడు వచ్చినవారిని అడిగి రాయాలి. సమయం తెలియని రోగికి 24 గంటల పరీక్ష ఎంత మంచిదైనా చేయలేం.

మేం అడుగుతున్న జవాబు మూడు ముక్కలు: 1వ అంశంలోని పోలిక ఎప్పుడు మొదలవుతుంది, దాని బాధ్యత ఎవరిది, 10వ అంశం ఉత్తర్వు ఏ తేదీన వస్తుంది. 30 రోజుల్లో రాతపూర్వకంగా ఇవ్వండి. పోలిక మొదలైతే రోగులను ఎంచుకునే పత్రం, రిజిస్టరు నమూనా, నర్సుల శిక్షణ, ఇంటికి పంపే బొమ్మల కార్డు మేం తయారుచేసి ఇస్తాం. వీటికి మాకు జీతభత్యాలు వద్దు.

ఇట్లు,
విశాఖపట్నంలో అత్యవసర వైద్యం, ల్యాబ్, రేడియాలజీ, నర్సింగ్ పనుల్లో ఉన్న కొందరం